నాలుగు కాళ్ళ సవతి

బూరుల్ చేతి బోర్సోకులు లేకుండా ఆత్‌బాషి లోయలో పెళ్ళి భోజనం మొదలుకాదు. కాగే నూనెలోకి ఆమె పిండి ముక్కలు జారవిడుస్తుంటే అవి ఒక్కొక్కటే బుగ్గలు పూరించుకొని పైకి తేలేవి. వాటిని బట్ట మీద కుప్ప పోస్తే, పళ్ళూడిన ముసలివాళ్ళు కూడా ఒకటి నోట్లో పడేసుకొని చప్పరిస్తూ కూర్చునేవారు. ఆ పనిలో ఆమెకు వంక పెట్టినవాళ్ళు లేరు. ఊరివాళ్ళు వంక పెట్టింది ఇంకో సంగతికి. బూరుల్ ఒక కుక్కను చూసి కుళ్ళుకుంటుందని చెప్పుకొనేవారు.

అందులో అబద్ధమేమీ లేదు.

ఆ కుక్క పేరు ఉచార్. నల్లటి ఆడ తైగాన్. పొడవాటి మూతి, లోపలికి పీక్కుపోయినట్టుండే నడుము, చెవుల మీద పట్టుకుచ్చుల్లాంటి వెంట్రుకలు. మంచులో నక్కను తరిమి పట్టడానికే పుట్టిన జాతి. బూరుల్ భర్త మాంబెత్ ఎండాకాలమంతా కొండమీద గుర్రాలు కాస్తాడు, చలికాలం ఉచార్‌ను వెంటేసుకొని వేటకు పోతాడు. కాదు, పోయేవాడు. అదీ, అతనూ ముసలివాళ్ళు కాకముందు.

ఉచార్‌ను ఆ ఇంటికి తెచ్చింది మాంబెత్ మొదటి భార్య కాలియ. ఒకసారి పుట్టింటికి వెళ్ళి వస్తూ, దారిలో గాలి కొడుతుందని, కోటు లోపల రొమ్ముకు హత్తుకొని తెచ్చిందట. ఆ కూన పెద్దదై మొదటి నక్కను పట్టిన ఏడాది, ఆ తోలుతో మాంబెత్ భార్య కోటుకు మెడపట్టీ కుట్టించాడు. ఆ తరువాత ఎక్కువకాలం పట్టలేదు. కడుపులో పుండు ముదిరి కాలియ చనిపోయింది. మాంబెత్‌కు ఒక కూతురు జిపార్, ఒక కుక్క ఉచార్ మిగిలారు.

బూరుల్ వచ్చింది కాలియ పోయిన మూడో చలికాలం. ఆమెకూ అది రెండో పెళ్ళే. మొదటి మొగుడు లారీ డ్రైవరు. కనుమ దాటి సరిహద్దు అవతలి కాష్గర్ నుంచి సరుకు తెచ్చేవాడు. రోజుల తరబడి ఆలస్యంగా వచ్చి, మంచుకు దారి మూసుకుపోయిందనేవాడు. ఆమెకు అనుమానం. అత్తగారు, ఆడపడుచులు, చివరికి కన్నతల్లి కూడా, నీది వట్టి కుళ్ళుబుద్ధి అని తిట్టిపోశారు. ఏళ్ళు గడిచాక తేలిందేమిటంటే, తోక్మోక్‌లో అతనికి ఇంకో ఇల్లూ, ఆ ఇంట్లో బడికి వెళ్ళే పిల్లలూ ఉన్నారు. బూరుల్ మారుమాట లేకుండా తన బాణలి, తన పరుపు లారీలో కాదు, గాడిదబండిలో వేసుకొని పుట్టింటికి వచ్చేసింది. అప్పటి నుంచి తన మనసుకు తట్టిన అనుమానాన్ని అబద్ధమని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

మాంబెత్ తాగడు, కొట్టడు, పరాయి గడప తొక్కడు. సంబంధం తెచ్చిన అతని అక్క ఆ మూడు మాటలే చెప్పింది, ఆ మూడూ నిజమే. అతను మాట్లాడడనే సంగతి మాత్రం చెప్పలేదు. పెళ్ళయిన కొత్తలో బూరుల్ దాన్ని మొగవాడి తీరు అనుకొని సరిపెట్టుకుంది. టీ అంటాడు, మంచు పడేట్టుంది అంటాడు, పడుకుంటాడు. ఒక సాయంత్రం ఆమె కిటికీ దగ్గర ఉల్లిపాయలు తరుగుతుంటే బయట మెట్టు మీద మాటలు వినిపించాయి. ఎవరో చుట్టం వచ్చాడనుకొని తొంగి చూసింది. మాంబెత్ బూట్లు విప్పుకుంటూ కుక్కతో మాట్లాడుతున్నాడు. తెల్ల గుర్రానికి దగ్గు పట్టింది, కొట్టువాడు పిండిలో తూకం మోసం చేశాడు, పడమటి లోయలో ఎవరో కొత్తవాళ్ళు గుడారం వేశారు. ఊరి కబుర్లన్నీ పూసగుచ్చినట్టు చెబుతున్నాడు. చివర, "కాలియ ఉంటే పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వేది," అన్నాడు. కుక్క అతని మోకాలి మీద గడ్డం ఆనించి వింటోంది.

బూరుల్ కళ్ళు తుడుచుకొని, ఉల్లిపాయల ఘాటని తనకు తానే చెప్పుకుంది.

సవతి మట్టిబొమ్మైనా ఓర్వలేరంటారు. ఆమె సవతి మట్టిలోనే ఉంది, ఊరి పైనున్న దిబ్బ మీద. ఆ సమాధితో పేచీ లేదు, ఏడాదికోసారి వెళ్ళి ప్రార్థన చదివించి వచ్చేవారు. ఇంట్లో తిరిగే ఈ నాలుగు కాళ్ళదే ఆమె కంట్లో నలుసు. గొర్రెను కోసిన రోజు మాంబెత్ తన వాటా కాలేయంలోంచి మెత్తటి ముక్క తీసి గుడ్డలో కట్టుకొని బయటికి నడిచేవాడు. బూరుల్ వచ్చాక ఉచార్ పట్టిన నక్కల తోళ్ళు పట్నం వ్యాపారికి పోయాయి, అతని తమ్ముడి టోపీకి పోయాయి. బూరుల్ మెడకు ఒక్కటీ రాలేదు. ఆమె అడగలేదు. అడిగి ఇప్పించుకుంటే దానికి విలువేమిటి?

ఉచార్ ఆమె మీద ఎన్నడూ గుర్రుమనలేదు. అదే ఇంకా ఒళ్ళు మండించేది. జావ పోస్తే తాగేది, తాగుతూ ఆమె భుజం మీదుగా గేటు వైపు చూసేది. తిరగబడితే ఒక కర్ర పుచ్చుకొని బదులివ్వొచ్చు. లెక్కచేయని దాన్ని ఏం చేస్తాం? ఒక చలికాలం బూరుల్ పగ తీర్చుకుంది. తైగాన్లకు పోసే పిండి జావలో అక్కడి గొర్రెల బలిసిన తోకల్లోని కొవ్వు కలపాలి. ఆమె కలపడం మానేసింది. మాంబెత్ కుక్క డొక్కలు తడిమి, కొవ్వు అయిపోయిందా అని అడిగాడు. అయిపోయిందని చెప్పింది. కొట్టుగదిలో దూలానికి తోకలు వరసగా వేలాడుతూనే ఉన్నాయి. మరునాడు అతను కొట్టుగదిలోకి వెళ్ళి, ఒక ముక్క కోసుకొని వచ్చి, తనే జావలో వేశాడు. ఆమెకు సిగ్గుతో చచ్చినంత పనైంది. కుళ్ళు మాత్రం చావలేదు.

అలా ఏళ్ళు గడిచాయి. ఉచార్ మూతి మీద తెల్ల వెంట్రుకలు వచ్చాయి. కళ్ళకు పొర కమ్మింది. ఈ ఏడు ఆకులు పసుపెక్కేసరికి వెనక కాళ్ళు పట్టు తప్పాయి. ఒక ఉదయం బూరుల్ పాలు తీసి వస్తుంటే అది మెట్ల మీద నుంచి జారి పక్కకు పడింది. లేవబోయింది, ముందు కాళ్ళు లేచాయి కానీ వెనక భాగం నేలకు అతుక్కుపోయినట్టు ఉండిపోయింది. మాంబెత్ పరుగెత్తి వచ్చి ఎత్తి నిలబెట్టి, మెట్టు జారుతోందన్నాడు. వాన పడి చాలా రోజులైంది. మెట్టు పొడిగా ఉంది.

తరువాత అది తినడం తగ్గించింది. కింద వేసిన గొంగళి తడిపేసుకునేది. ఆ గొంగళి ఉతికేది బూరులే. దాని తుంటి దగ్గర ఒరుసుకుపోయి పుండు పడటం ముందు చూసిందీ ఆమే. గుర్రాలు కొండమీద నుంచి దిగే కాలం కావడంతో మాంబెత్ చీకటితో వెళ్ళి చీకటితో వచ్చేవాడు. అతను వచ్చే వేళకు కుక్క ఎలాగో తల ఎత్తేది, తోక ఆడించేది. అంతా బాగానే ఉందని అతను నమ్మేవాడు. పగలంతా అది మూలిగే మూలుగు వినేది ఆమె ఒక్కతే.

ఒకరోజు భోజనాల దగ్గర ఉండబట్టలేక చెప్పింది.

"అది బాధపడుతోందయ్యా. ఇంక దాన్ని పోనివ్వాలి. ఇషెన్‌ని పిలుద్దాం."

ఇషెన్ ఆ చుట్టుపక్కల పశువుల డాక్టరు. మాంబెత్ గిన్నె కింద పెట్టాడు.

"నువ్వు ఈ గడప తొక్కిన రోజు నుంచీ ఈ మాట కోసమే కాచుక్కూచున్నావు," అన్నాడు.

అంత పొడుగు మాట అతను ఆమెతో అని చాలా కాలమైంది. బూరుల్ గిన్నెలు తీసింది, కడిగింది, తుడిచిన వాటినే మళ్ళీ తుడిచింది. అతనన్నది నిజమేనా? సగం నిజం. ఖాళీ మెట్టును ఆమె ఎన్నిసార్లు ఊహించుకోలేదు? బూట్లు విప్పుకుంటూ చెప్పుకోవడానికి ఎవరూ లేక అతను లోపలికి వచ్చి, పొయ్యి పక్కన కూర్చొని, తెల్ల గుర్రం సంగతి తనకు చెబుతాడని ఎన్నిసార్లు కలగనలేదు? మరి ఆ పుండు, ఆ మూలుగు? అవీ నిజమే. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఆమెకే తెలియలేదు. ఎసరులో కలిసిన ఉప్పూ నీళ్ళలా రెండూ ఒకటైపోయాయి. ఆ రోజు నుంచి ఆమె ఆ ఊసెత్తడం మానేసింది.

తండ్రి ఫోను చేయడంతో జిపార్ రాజధాని బిష్కెక్ నుంచి వచ్చింది. అక్కడ ఒక కుట్టుకేంద్రంలో పని చేస్తుంది. మంచి పిల్లే. వచ్చినప్పుడల్లా బూరుల్‌కు తలగుడ్డో, చేతితొడుగులో తెస్తుంది. కానీ అమ్మా అనదు. ఎజె అంటుంది, అక్కా అన్నట్టు. ఈసారి ఇంట్లోకి రాకుండానే వసారాలో కుక్క పక్కన కూలబడి, దాని మెడలో ముఖం దాచుకొని ఏడ్చింది. ఆ తరువాత లోపలికి వెళ్ళి, గోడవారనున్న పెద్ద పెట్టె తెరిచి, పరుపుల అడుగు నుంచి తల్లి కోటు తీసింది. గొర్రెతోలు కోటు, ఎర్రటి నక్క మెడపట్టీ. పురుగు పట్టకుండా వేసిన అర్చా చెట్టు కొమ్మల ఆకులు నేల మీద రాలాయి.

ఆ కోటును ఉచార్ మీద కప్పింది. కుక్క ముక్కు కదిలింది. మెడపట్టీలోకి మూతి దూర్చింది. ఒక్కసారి ఒళ్ళంతా వణికింది. తరువాత, ఎన్నో రోజులుగా లేవనిది, ముందు కాళ్ళ మీద లేచి, వెనక కాళ్ళు ఈడ్చుకుంటూనే నిలబడింది. తోక గోడకు టపటపా కొట్టుకుంది. తండ్రీకూతుళ్ళు ఒకరినొకరు చూసుకొని నవ్వారు.

"చూశారా ఎజె," అంది జిపార్. "దీనికేం కాలేదు. మనవాళ్ళు లేరని బెంగ, అంతే."

మనవాళ్ళు. ఆ మాట బూరుల్‌కు పుండు మీద కారం చల్లినట్టయింది. ఇన్నాళ్ళూ పుండు కడిగింది తను, తడిసిన గొంగళి పిండింది తను, వేలితో జావ నాకించబోయింది తను. ఒక పాత కోటు వచ్చి, ఒక్క క్షణంలో దాన్ని లేపి నిలబెట్టింది. ఆ పూట పిండి కలుపుతూ ఆమె ఎంత గట్టిగా పిసికిందంటే బోర్సోకులు రాళ్ళయ్యాయి. ఆమె చేతి బోర్సోకులు చెడిపోవడం ఆ ఇంట్లో అదే మొదలు.

జిపార్ వెళ్ళిపోయింది. కోటు వసారాలో మేకుకు ఉండిపోయింది. మంచు పడకముందే మిగిలిన మందను దింపాలని మాంబెత్ కొండమీది పై బయలుకు బయలుదేరాడు. నాలుగైదు రోజులు పట్టొచ్చు, అక్కడ ఫోను పలకదు. జీను బిగిస్తూ, ఆమె వైపు చూడకుండానే, తను వచ్చేదాకా ఏమీ చేయొద్దన్నాడు. ఏమీ అంటే ఏమిటో అడగాల్సిన పని లేదు.

అతను అలా వెళ్ళాడో లేదో ఉచార్ పూర్తిగా కూలబడింది. ఎండలోకి తీసుకెళ్దామని బూరుల్ ఎత్తబోతే, నొప్పికి చేతిని కరవబోయింది. జన్మలో ఎవరినీ కరవని కుక్క. బూరుల్ వెనక్కి తగ్గి కాసేపు నిలబడింది. మేకు వైపు చూసింది. చేయకూడదనుకుంటూనే వెళ్ళి ఆ కోటు తొడుక్కుంది. భుజాల దగ్గర బిగుతు. కాలియ తనకంటే సన్నటి మనిషన్నమాట. ఆ సంగతి ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు, ఆ క్షణాన తెలియడం ఇష్టమూ కాలేదు. వంగి చేతులు చాచింది. గుడ్డి కుక్క ముక్కు ఎగబీల్చి మెత్తబడింది. బరువంతా ఆమె చేతుల్లో వదిలేసింది. ఎండగోడ పక్కన దింపుతుంటే ఆమె మణికట్టు నాకింది.

ఇన్నేళ్ళలో అది ఆమెను నాకడం అదే మొదటిసారి.

"నేను అది కాదే గుడ్డిదానా," అంది బూరుల్. "నీ కాలియని కాదు. బూరుల్‌ని. నీ జావలో కొవ్వు వేయనిదాన్ని."

కుక్క ఇంకా నాకుతూనే ఉంది. ఆ ప్రేమ చెయ్యి మారి వచ్చిందని తెలిసినా బూరుల్ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అలా తీసుకోలేకపోయినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మరునాడూ కోటు తొడుక్కుంది. ఆ మరునాడూ. ఒకరింట్లో పిల్లాడి తొట్టెల పండుగకు పిండివంట ఒప్పుకొని ఉంది, అందుకని కోటుతోనే బాణలి ముందు నిలబడి, మధ్య మధ్యలో వెళ్ళి కుక్కను అటు ఇటు తిప్పి పడుకోబెట్టింది. పాలలో వేలు ముంచి నాలుకకు రాసింది. ఇది చావకూడదు, ఆయన వచ్చేదాకా చావకూడదు, నా చేతుల్లో మాత్రం చావకూడదు అని లోలోపల గొణుక్కుంటూనే ఉంది. పుండు వాసన పెరిగింది. ఈగలు తోలడానికి ఆమె పక్కనే కూర్చొని ఊలు వడికింది.

పక్కింటి సైకాల్ అపా పాలు పోయించుకోవడానికి వచ్చింది. ఊరందరికీ అపా, అంటే పెద్దమ్మ, తొంభైకి దగ్గరపడిన ముసలమ్మ. గేటు దగ్గరే ఆగి కళ్ళు చికిలించి చూసింది.

"ఎవరి కోటే అది, కోడలు పిల్లా?"

బూరుల్ తల దించుకొని ఊలు వడుకుతూనే ఉంది. ముసలమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి, కుక్కను చూసింది, పుండు చూసింది, ముక్కు మూసుకోకుండా పక్కనే కూర్చుంది.

"దీన్నెందుకు పట్టుకు వేలాడుతున్నావు?"

"నేనెక్కడ పట్టుకున్నాను అపా. ఆయన వద్దన్నాడు."

"ఆయన కొండమీద ఉన్నాడు. ఇక్కడ పాలు నాకిస్తోంది నువ్వు. మొగుడు నిన్ను మాట అంటాడని దీని ప్రాణం నిలబెడుతున్నావు. మీ మొగుడూ పెళ్ళాల తగువులో ఈ నోరులేని దాని తప్పేముందే?"

తిట్టినట్టు లేదు, అలాగని ఓదార్చినట్టూ లేదు. పప్పులో రాయి ఏరి చూపినట్టు చెప్పింది. బూరుల్ కదురు కింద పెట్టేసింది. ఇషెన్‌ను ఇప్పుడే పిలవొచ్చు. పిలిస్తే మధ్యాహ్నానికి కుక్క బాధ తీరుతుంది. ఆ తరువాత బతికినన్నాళ్ళూ మాంబెత్ తన ముఖం చూసినప్పుడల్లా, ఈమె చంపించింది అనుకుంటాడు. ఇక ఉచార్ ఎప్పటికీ చావదు. కాలియ పక్కన అదీ చేరుతుంది, అప్పుడు తనకు ఇద్దరు సవతులు, ఇద్దరూ మట్టిలోనే, ఇద్దరి మీదా గెలవడం కుదరదు. ఆ లెక్కలోనూ ముందు తనే కనిపించింది, కుక్క తరువాత కనిపించింది. అది గ్రహించి లేచి నిలబడింది.

"అపా, రేపు పొద్దుటి నుంచి దీని దగ్గర కూర్చుంటావా? నేను ఆయన్ని తీసుకొస్తాను."

మరునాడు తెల్లవారగానే కోటును ముసలమ్మ భుజాల మీద కప్పి, పొరుగువాళ్ళ ఆడ గుర్రం మీద బయలుదేరింది. గుర్రం ఎక్కి ఏళ్ళయింది. సెలయేరు దాటేసరికే తొడలు పట్టేశాయి. పొద్దు నడినెత్తి దాటాక పై బయలు కనిపించింది. దూరం నుంచి ఆమెను గుర్తుపట్టిన మాంబెత్, చేతిలోని పగ్గం వదిలేసి నిలబడిపోయాడు. దగ్గరికి వెళ్ళేసరికి అతని పెదవులు తెల్లబడి ఉన్నాయి.

"పోయిందా?" అన్నాడు.

"పోలేదు. అది చెప్పడానికే వచ్చాను."

అతనికి అర్థం కాలేదు. ఆమె గుర్రం దిగలేదు. దిగితే ఏడుపొస్తుందని భయం.

"విను. నాకు కుళ్ళు, ఒప్పుకుంటున్నాను. కుక్క మీద కుళ్ళు, మట్టిలో ఉన్న ఆవిడ మీద కుళ్ళు, ఆ కోటు మీద కుళ్ళు. అది లేకుండా పోతే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాను. నువ్వన్నది నిజమే. కానీ అది కుళ్ళిపోతోందయ్యా, బతికుండగానే. ఇదీ నిజమే. నాకు కుళ్ళుందని దాని పుండు అబద్ధమైపోదు. నా మాట నమ్మొద్దు. వచ్చి నీ కళ్ళతో పగటిపూట చూడు. చూసి నువ్వే చెప్పు."

మాంబెత్ తోటి కాపరిని పిలిచి మందను అప్పగించాడు.

తిరుగుదారిలో సెలయేటి దగ్గర గుర్రాలకు నీళ్ళు పట్టేటప్పుడు, గుర్రం మెడ నిమురుతూ, గుర్రానికి చెబుతున్నట్టు మాంబెత్ మొదలుపెట్టాడు. కాలియ చివరి రోజుల్లో ఇంటికి తీసుకుపొమ్మని అడిగిందట. చేతులు పట్టుకొని బతిమాలిందట. తను వినలేదు. నారిన్ ఆసుపత్రి, అక్కడి నుంచి బిష్కెక్, ఒక కోత, ఇంకో కోత. వసంతానికి లేచి తిరుగుతావు అని రోజూ చెప్పేవాడు. చివరి వారం ఆమె అతనితో మాట్లాడటం మానేసి, గోడ వైపు తిరిగి పడుకునేది. అలాగే పోయింది. ఇంటికి వచ్చాక ఆమె సంగతి ఎవరితో చెప్పాలన్నా నోరు వచ్చేది కాదు. కుక్కయితే తిరిగి ఏమీ అడగదు.

"అప్పుడు వదలాల్సింది, వదల్లేదు," అన్నాడు. "ఇప్పుడు వదలాలంటే చెయ్యి రావడం లేదు."

బూరుల్ విన్నది. జాలి కలిగింది. ఇన్నేళ్ళూ ఆమె ఊహించుకున్న చిలకాగోరింకల కాపురం అది కాదు. కానీ ఆ జాలి వెనకే, అలవాటైన దారిలో, పాత మంట కూడా వచ్చింది. ఇంత నొప్పి కూడా ఆవిడకే దక్కింది. నా కోసం ఈయన ఎన్నడైనా ఇలా కుమిలాడా? ఆ ఆలోచనకు ఆమెకే నవ్వొచ్చింది. పైకి నవ్వలేదు. ఆకలిగా ఉందా అని అడిగి, సంచిలోంచి రొట్టె, ఉప్పటి పెరుగు ఉండలు తీసి ఇచ్చింది.

మరునాడు ఉదయం మాంబెత్ ఉచార్ పక్కన ఎండలో కూర్చొని, గొంగళి తొలగించి, మొత్తం చూశాడు. తుంటి, పుండు, ఎముకలు. దాని మూలుగు ఎదురుగా కూర్చొని విన్నాడు. కాసేపటికి తనే లేచి ఇషెన్‌కు కబురంపాడు. జిపార్‌కు ఫోను చేసి తనే చెప్పాడు. ఇది బూరుల్ మాట కాదు, నా మాట అని రెండుసార్లు చెప్పడం లోపలి నుంచి ఆమెకు వినిపించింది.

ఇషెన్ వచ్చేసరికి జావ వెచ్చగా ఉంది. బూరుల్ అందులో చేతికి వచ్చినంత కొవ్వు వేసింది. ఉచార్ రెండు గుక్కలు నాకి వదిలేసింది. దాన్ని గోడవారకు చేర్చాలి. మాంబెత్ ఎత్తబోతే మూలిగింది. బూరుల్ మొగుడి ఎదుట ఆ కోటు ఎన్నడూ తొడుక్కోలేదు. ఒక్క క్షణం తటపటాయించి మేకు దగ్గరికి వెళ్ళింది. అతను చూశాడు. భుజాల దగ్గర బిగిసిన కోటును, అందులో ఆమెను చూశాడు. అతని ముఖంలో ఏం కదిలిందో కనిపెట్టాలని ఆమె ఎదురుచూసింది, అలాంటి సమయంలో కూడా. ఏమీ తెలియలేదు.

ఆమె ఎత్తుకుంది. కుక్క తల ఆమె మోచేతి మడతలో ఒదిగింది. మొదటి సూది నిద్రకు. ఉచార్ ముక్కు ఆమె కోటు చేతి అంచులోకి దూర్చి గాలి పీల్చింది, తరువాత ఇంకోసారి. మాంబెత్ దాని చెవి కుచ్చులు సవరిస్తూ ఏవో కబుర్లు చెబుతూనే ఉన్నాడు, నక్కలవీ, మంచువీ. రెండో సూది పడిన తరువాత కూడా కాసేపు చెబుతూనే ఉన్నాడు. ఇషెన్ అతని భుజం తట్టి, టోపీ తీసి పక్కకు వెళ్ళాడు.

"ఈ కోటులో ఆమె వాసన లేదు," అన్నాడు మాంబెత్. "నీ నూనె వాసనే ఉంది. నేను రాగానే గమనించాను. అది ఒదిగింది నీ చేతి వాసనకే."

బూరుల్‌కు నమ్మాలనిపించింది. తనను ఓదార్చడానికి అన్నాడేమోనన్న అనుమానమూ ఉంది. ఆ అనుమానం ఆమెను ఎప్పటికీ వదల్లేదు, ఎందుకంటే అడగాల్సింది కుక్కను, అది చెప్పలేదు.

ఊరి వెనక వాలులో గొయ్యి తీసి, నక్కలు తవ్వకుండా పైన బండలు పేర్చారు. ఆ సాయంత్రం జిపార్ ఫోను చేసి చాలాసేపు ఏడ్చింది. చివర, మీరు పక్కనున్నారా ఎజె అని అడిగింది. ఉన్నానంది బూరుల్. కోటు పంపనా అని అడిగితే, వద్దు, అక్కడే ఉంచండి అంది.

మంచు పడింది. మెట్టు ఖాళీగానే ఉంది. బూరుల్ కలగన్నట్టు మాంబెత్ లోపలికి వచ్చి పొయ్యి పక్కన కూర్చొని కబుర్లు చెప్పలేదు. టీ అన్నాడు, పడుకున్నాడు. ఇన్నేళ్ళూ అడ్డమనుకున్నది తొలగిపోయాక కూడా దారి తెరుచుకోకపోవడంతో ఆమెకు దిక్కుతోచలేదు. పక్క ఊరివాళ్ళు తైగాన్ కూనను ఇస్తామన్నారు. మాంబెత్ తల అడ్డంగా ఊపాడు.

ఒక ఉదయం ఆమె కొట్టం వైపు పేడతట్టతో వెళుతుంటే లోపల మాటలు వినిపించాయి. ఆగి విన్నది. మాంబెత్ తెల్ల గుర్రం ఒంటికి దువ్వెనతో గోకుడు పెడుతూ, తమ్ముడి కొడుకు పెళ్ళి సంబంధం ఎలా తప్పిపోయిందో చెబుతున్నాడు. గుర్రం చెవులు ఇటు తిప్పి వింటోంది.

బూరుల్‌కు చెవుల దాకా వేడెక్కింది. గుర్రం కూడానా? అలాగే వెనక్కి తిరిగి వెళ్ళిపోయి, ఇంకో పదేళ్ళు ముఖం మాడ్చుకొని గడపడం ఆమెకు బాగా తెలిసిన పనే. తట్ట నేలకేసి కొట్టి లోపలికి వెళ్ళింది. గడ్డి మోపు లాక్కొని దాని మీద కూర్చుంది.

"నాకూ చెప్పు," అంది. "మొదటి నుంచీ చెప్పు. నేను సగంలో వచ్చాను."

మాంబెత్ గోకుడు ఆపి ఆమెను చూశాడు. కొత్త పెళ్ళికొడుకులా తడబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. గుర్రం వైపు తిరిగే, గోకుడు పెడుతూనే, పిల్ల తరఫువాళ్ళు వచ్చిన దగ్గర నుంచి మొదలుపెట్టి, మెల్లగా, మాటలు తడుముకుంటూ చెప్పసాగాడు. బూరుల్ పాదాలు చలికి కొయ్యబారుతున్నా లేవకుండా, ఎవరేమన్నారో మధ్య మధ్యలో అడుగుతూ, ఆ కథ చివరిదాకా విన్నది.